గూడ వేసే పక్షి

పల్లంలో ఉన్న నీళ్లు మెరక మడికి ఎక్కాలంటే ఒకప్పుడు గూడ వేసేవారు. అటొకరు, ఇటొకరు తాళ్లు పట్టుకుని బుట్టను ముంచి, ఒక్క ఊపున పైకి కుమ్మరించేవారు. పెలికాన్‌ను మనవాళ్లు గూడబాతు అన్నది ముక్కు కింద వేలాడే తోలుసంచిని చూసే అయ్యుంటుంది. నేలపట్టు చెరువుగట్టు మీద ఒక పూట కూర్చుంటే, ఆ పేరు దాని పనికీ సరిపోయిందనిపిస్తుంది.

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలోది ఈ చెరువు. ఈశాన్య రుతుపవనాలకు నిండగానే గూడబాతులు దిగుతాయి. నీళ్లలో మునిగి నిలబడ్డ కడప చెట్ల మీద పుల్లలు పేర్చి గూళ్లు కడతాయి. కాపురం ఇక్కడే గానీ వేట ఎక్కువగా పులికాట్ సరస్సులో. ఎండ కాస్త ముదిరాక, పైకి లేచే వేడిగాలిని ఆసరా చేసుకుని రెక్క ఆడించకుండానే అటు సాగిపోతాయి. తిరిగొచ్చిన తల్లి నోరు తెరవడమే ఆలస్యం, పిల్ల మెడదాకా అందులోకి దూరి, సగం అరిగిన చేపను లాక్కుంటుంది. కొత్తగా చూసేవాళ్లకు తల్లే పిల్లను మింగేస్తోందని గుండె ఝల్లుమంటుంది.

ఆ చేప కథ కొండవాలుల్లో మొదలైంది. వానకు కోసుకుపోయిన నేలసారం కాళంగి, అరణి నదుల వెంట పులికాట్ చేరింది. కంటికి ఆనని నాచు దానికి ఎండను కలిపి వండుకుంది. నాచును పురుగు తింది, పురుగును చిరుచేప, దాన్ని పెద్దచేప. ఒక్కో మెట్టెక్కేసరికి శక్తిలో మిగిలేది సుమారు పదోవంతే. తక్కినది బతకడానికే ఖర్చు. ఈ తరుగుదలను మెట్లవారీగా లెక్కగట్టిన అమెరికన్ రేమండ్ లిండెమన్ 27 ఏళ్లు నిండకుండానే పోయాడు. 1942లో ఆ లెక్క చెప్పిన వ్యాసం అచ్చయ్యేసరికి ఆయన లేడు.

ఖర్చయిన ఎండ వెనక్కి రాదు. నత్రజని, భాస్వరం అలా కాదు, చేతులు మారుతూ ఉంటాయి. గూళ్ల కింద ఆకులు సున్నం కొట్టినట్టుంటాయి, ముక్కు మూసుకోవాల్సిందే. ఆ తెలుపు రెట్టలోని యూరిక్ ఆమ్లం. నీళ్లలో పడ్డాక సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా, నైట్రేట్లుగా మారుస్తాయి. చెరువు చిక్కటి పచ్చరంగు తేలుతుంది. తూము తీస్తే వరిమడికి పారేది ఉత్త నీరు కాదు.

రైతులకు ఈ సంగతి పుస్తకాలు చెప్పలేదు. తమిళనాడులోని వేదాంతంగళ్‌లో సిపాయిలు కొంగలను కాల్చుతుంటే ఊరివాళ్లు 18వ శతాబ్దం చివర్లోనే కలెక్టరు లయనెల్ ప్లేస్ దగ్గరికి వెళ్లి, పక్షుల జోలికి ఎవరూ రాకుండా కౌలునామా రాయించుకున్నారు. జాలితోనే అనుకోను, పంట లెక్క వాళ్లకు బాగా తెలుసు.

ఎండలు ముదిరి చెరువు తగ్గేసరికి నేలపట్టులో గూళ్లు ఖాళీ. తెల్లబడ్డ కొమ్మలు మాత్రం మిగులుతాయి, వాన వచ్చి కడిగేదాకా.