ధ్వనిముద్రణశాలలో పాట



కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతి బాలుడొకడు తానే ఒక పాట వ్రాసి, వరుస గట్టి, మాకు వినిపించెను. గొంతు సన్ననిది, పాట మాత్రము మిక్కిలి మంచిది. వార్షికోత్సవమున వానిచే పాడింపదలచి, పాటకు నిండుదనము వచ్చునను తలంపుతో హార్మోనియమును, తబలాను, కంజిరను, వెనుక బాలుర బృందగానమును చేర్చితిమి. చప్పట్లు బాగుగా మ్రోగినవి. సభ ముగిసిన పిమ్మట వాని తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మావాడి నోరు కదలడం కనబడిందండి గాని మాట ఒక్కటీ వినబడలేదు" అనెను. పాటకు తోడు చేర్చుట యననేమో, ఆ తోడు పాటను ఎట్లు మార్చునో ఆ దినము మొదలు మేము ఆలోచించుచున్నాము. అందు గ్రహించిన దానిని మీకు వివరింతుము.

స్టూడియో యనగా ఉన్న పాటను ఉన్నట్లు చూపు అద్దమని పలువురు తలంతురు. అది నిజము కాదు. మైక్రోఫోనును నోటికి జానెడు దూరమున నుంచినచో ఊపిరియు, గిటారు తీగపై వ్రేలు జాఱు సవ్వడియు వినవచ్చును. దూరముగా నుంచినచో గదిలోని మ్రోత వచ్చి కలియును. ఒక్క టేపు మీదనే పక్కపక్కగా పెక్కు దారు లుండును. ఒకదానిలో కంఠమును, మఱియొకదానిలో వాద్యమును ఎక్కించి, ఏది పైకి రావలయునో, ఏది అణగియుండవలయునో పిమ్మట నిర్ణయించి అన్నిటిని కలుపుదురు. ఈ పనిని మిక్సింగు అందురు. ఏ పాటలు తీసికొనవలెను, ఎవరు వాయింపవలెను, ఏ పాట ముందుండవలెను అనువాటిని గాయకునితో కలిసి యోచించువాడు నిర్మాత. సినిమాలకు ధనము పెట్టు నిర్మాత వేఱు, ఇతడు వేఱు.

తానే వ్రాసి తానే పాడువాని విషయమున ఈ నిర్ణయములు మఱింత బరువైనవి. దీనికి నిక్ డ్రేక్ అను ఆంగ్ల గాయకుని చరిత్రము మంచి నిదర్శనము. ఇతడు 1948లో రంగూనులో జన్మించి, ఇంగ్లండులో పెరిగి, కేంబ్రిడ్జిలో చదివెను. గొంతు మెత్తనిది, స్వభావము బిడియము. ఇతడు వెలువరించిన ఆల్బములు మూడే. మూడును లండనునందు, చెల్సీలోని సౌండ్ టెక్నిక్స్ అను స్టూడియోలో తయారైనవి. ఆ కట్టడము పూర్వము పాల డెయిరీ. మూడింటికిని శబ్దగ్రాహకుడు జాన్ వుడ్. గాయకుడు ఒక్కడే, స్టూడియో యొక్కటే, శబ్దగ్రాహకు డొక్కడే. మారినదెల్ల ఆ కంఠము చుట్టును చేరిన తోడు.

మొదటిది 1969లో వచ్చిన 'ఫైవ్ లీవ్స్ లెఫ్ట్'. నిర్మాత జో బాయ్డ్ అను అమెరికా దేశస్థుడు. తంత్రీవాద్యములకు స్వరరచన చేయుటకు మొదట ఒక అనుభవజ్ఞుని నియమించిరి. అతని రచన డ్రేక్‌నకు రుచింపలేదు. అంత బిడియస్థుడును నోరు విప్పి, కేంబ్రిడ్జిలో తన మిత్రుడైన రాబర్ట్ కర్బీ పేరు చెప్పెను. కర్బీ అప్పటికి విద్యార్థియే. అతడు కూర్చిన 'వే టు బ్లూ' అను పాటలో గిటారు లేనేలేదు. వయొలిను జాతి వాద్యముల నడుమ కంఠ మొక్కటే నడచును. 'రివర్ మాన్' అను పాట నడక అయిదు మాత్రలది. మన ఖండగతి నెఱిగినవారికి అది క్రొత్త కాదు. దానికి హ్యారీ రాబిన్సన్ స్వరరచన చేసెను. వాద్యములు అందు పొగమంచువలె క్రమ్మును గాని పాటను కప్పివేయవు.

రెండవది 1971లో వచ్చిన 'బ్రైటర్ లేటర్'. బాయ్డే నిర్మాత. ఇందు డ్రమ్ములు, బేసు గిటారు, శాక్సోఫోను చేరినవి. కంఠము లేని వాద్యరచనలే మూడు గలవు. 'నార్తర్న్ స్కై' అను పాటలో జాన్ కేల్ వాయించిన పియానో, ఆర్గను, చెలెస్టా వాద్యముల వలన ఆ పాటకు తెల్లవారుజాము వెలుగువంటి కాంతి వచ్చినది. దీనినే మూడింటిలో మేలైనదిగా నెంచు శ్రోతలు గలరు. గాయకుడు సొంతయింట అతిథివలె నున్నాడని తలంచు శ్రోతలును గలరు.

అంతట బాయ్డ్ అమెరికాకు మరలిపోయెను. 1971 అక్టోబరులో డ్రేక్, వుడ్ ఇరువురే స్టూడియోలో కూడి, రెండు రాత్రులలో మూడవ ఆల్బమును ముగించిరి. అదియే 1972లో వెలువడిన 'పింక్ మూన్'. పాటలు 11, వ్యవధి సుమారు 28 నిమిషములు. కంఠము, గిటారు, మొదటి పాటలో మాత్రము కొలదిగా పియానో. అంతకు మించి ఏమియు లేదు. ఏమియు చేర్పకుండుటయు నొక నిర్ణయమే. వుడ్ మైక్రోఫోనును ఓర్పుతో నమర్చనిచో ఆ యేకాంతము మన చెవికి చేరియుండదు.

ఈ మూడును ఆ కాలమున కొలదిగానే అమ్ముడుపోయినవి. 1974లో, తన 26 యేండ్ల వయసున, డ్రేక్ మరణించెను. 2000 ప్రాంతమున ఒక మోటారుకారు ప్రకటనలో 'పింక్ మూన్' పాట వినవచ్చినప్పుడు వేలకొలది జనులు ఆ ఆల్బమును వెదకికొనిరి. మిగిలిన రెంటికిని నేడు శ్రోతలు తక్కువ లేరు.

కనుక వాద్యము లెక్కువైన చెడుగనియు, తక్కువైన మంచిదనియు మేము చెప్పజాలము. తంత్రీవాద్యములు తీసివేసినచో 'వే టు బ్లూ' నిలువదు. డ్రమ్ములు చేర్చినచో 'పింక్ మూన్' చెడును. పాట ఏమి చెప్పుచున్నదో ముందుగా వినినవాడే దానికి తగిన తోడును ఎంచగలడు. కర్బీ మిత్రుని పాట వినెను. వుడ్ మౌనమును గూడ వినెను. మేమైతే వార్షికోత్సవమున సభ నిండవలెనని చూచితిమి గాని, పాటను వినలేదు.

ఆ బాలుడు మరల పాట వ్రాసి తేలేదు. మేమును అడుగుటకు సిగ్గుపడితిమి. వాడిప్పుడు పై చదువులకు వెళ్లిపోయినాడు. మీలో నెవరైనను పాట వ్రాసియున్నచో మా యొద్దకు తెండు. ఈ తడవ హార్మోనియము మూత తీయక మునుపే, రెండుసార్లు, ఊరక కూర్చుండి వినెదము.