నారాయణఖేడ్ వాయిదాలు, అమెరికా లాభాలు

అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో 1990 దశకం చివర పేద మహిళలకు చిన్న అప్పులివ్వడం మొదలుపెట్టిన స్వయం కృషి సంగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎస్‌.కె.ఎస్‌. అంటే ఇంకా బాగా తెలుస్తుంది. 2010 ఆగస్టులో అది షేర్ల బజారుకెక్కింది. లాభపడిన వారిలో అమెరికాలో స్థిరపడిన వినోద్ ఖోస్లా ఒకరు.

ఈయన మిలిటరీ అధికారి కొడుకు. 1955లో పుట్టారు. ఢిల్లీ ఐ.ఐ.టి.లో ఇంజనీరింగు చదివారు. ఫ్రిజ్ లేని ఇళ్లకు సోయా పాలు అమ్మాలని తొలుత ఓ కంపెనీ పెట్టబోయారు. సాగలేదు. అమెరికా వెళ్లి మళ్లీ చదువుకుని, 1982లో మరో ముగ్గురితో కలిసి సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంప్యూటర్ల కంపెనీ స్థాపించారు. అది పేరుమోసిన కంపెనీ అయింది. 1986 నుంచి ఇతరుల కంపెనీల్లో పెట్టుబడి పెట్టే పని చేపట్టి, 2004లో సొంత సంస్థ తెరిచారు.

అప్పు కాదు, వాటా

ఈ పెట్టుబడికి వడ్డీ ఉండదు. పొత్తు సేద్యం లాంటిదే. పంట పండితే వాటా, ఎండితే పెట్టుబడి గోవిందా. పేదలకు పనికొచ్చే వ్యాపారాల్లో ఇలా డబ్బు పెడితే మేలూ జరుగుతుంది, లాభమూ వస్తుందని ఖోస్లా వాదన. 2005లో లాభాపేక్ష గల కంపెనీగా మారిన ఎస్‌.కె.ఎస్‌.లో ఆ లెక్కనే సొమ్ము పెట్టారు.

ఎస్‌.కె.ఎస్‌. పద్ధతి మన ఆడపడుచులకు చెప్పనక్కర్లేదు. అయిదుగురికో గ్రూపు, వారం వారం వాయిదా. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాలి. పూచీకత్తు కాగితం లేకుండా అప్పు పుట్టడం నిజంగా మేలే. షావుకారు వడ్డీ ఇంతకంటే ఎక్కువ. అయితే నాలుగైదు కంపెనీలు ఒకే ఇంటికి పోటీపడి అప్పులిచ్చాయి. ఒకదాని వాయిదా కట్టడానికి మరోదాని దగ్గర చేయి చాచాల్సి వచ్చింది.

షేరు 985 రూపాయలకు అమ్ముడైంది. పేదల అప్పుల మీద షేర్ల లాభాలేమిటని బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకు స్థాపకుడు యూనస్ అప్పుడే విమర్శించారు. తనకు సుమారు 11 కోట్ల 70 లక్షల డాలర్ల లాభం వచ్చిందని, దాన్ని పేదలకు ఉపయోగపడే ఇతర కంపెనీల్లో పెడతానని ఖోస్లా అన్నారు. ఇంటికి పట్టుకుపోలేదన్నది ఆయన పక్షాన చెప్పాల్సిన మాట. ఆ లాభానికి మూలమైన వాయిదాలు కట్టిన వారికి మాత్రం అందులో ఏం దక్కిందో లెక్క కనబడదు.

రెండు నెలలకే ఆర్డినెన్సు

అప్పుల వాళ్ల ఒత్తిడితో ఆత్మహత్యలంటూ వార్తలు రాగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇంటి మీదికి వచ్చి వసూలు చేయరాదంది. జనం కట్టడం మానేశారు. కంపెనీ పెద్ద మొత్తంలో అప్పులు కొట్టివేసుకుంది. 2012 నాటికి షేరు 100 రూపాయల కిందికి దిగింది. స్థాపకుడు విక్రం ఆకుల 2011లోనే తప్పుకున్నారు.

కంపెనీ పేరు 2016లో భారత్ ఫైనాన్షియల్‌గా మారింది. 2019లో ఇండస్ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. అదే ఏడాది ఖోస్లా సంస్థ ఓపెన్ ఏఐ అనే కంప్యూటర్ మేధ కంపెనీలో 5 కోట్ల డాలర్లు పెట్టింది.