రెండు మెరుపుల మధ్య వ్యవధి

హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు చేరువగా ఉన్న హుస్సేనీ ఆలం గాలిలో మధ్యాహ్నం వేళ అతినీలలోహిత కిరణాలు ఓజోన్ అణువును చీల్చినప్పుడు వెలువడే ఆక్సిజన్ పరమాణువుల్లో కొన్ని నీటి ఆవిరితో కలిసి హైడ్రాక్సిల్ అనే స్వేచ్ఛా రాడికల్‌ను, అంటే జతలేని ఎలక్ట్రాన్ గల అణుశకలాన్ని పుట్టిస్తాయి. అది వాహనాలు వదిలిన కార్బన్ మోనాక్సైడుతోనో మరో వాయువుతోనో చర్య జరిపి సాధారణంగా సెకను లోపే అంతరించిపోతుంది. ఇంత స్వల్పాయువు గల పదార్థాన్ని చూడడానికీ, అది ఎంత వేగంగా నశిస్తుందో కొలవడానికీ పనికివచ్చే యంత్రం ఇరవయ్యో శతాబ్ది నడిమికి గాని రూపొందలేదు.

అంతకుముందు వర్ణపట శాస్త్రజ్ఞుల చేతిలో ఉన్నది ఉత్సర్గ నాళం: అల్పపీడనంలో ఉన్న వాయువు గుండా ఆగకుండా విద్యుత్తును పంపితే రాడికళ్ళు పుడుతూ నశిస్తూ ఉంటాయి, ఆ కాంతిని వర్ణపటలేఖినిలో విడదీసి ఫోటో ప్లేటు మీద పట్టవచ్చు. తెలుగువాడైన పుచ్చా వెంకటేశ్వర్లు 1950లో ‘ఫిజికల్ రివ్యూ’లో ప్రచురించిన పత్రంలో కార్బన్ డైఫ్లోరైడ్ ఉద్గార పట్టీలను ఈ తరహా వెలుగులోనే పరిశీలించారు. ఇలాంటి అణుశకలాల్లో అది కాస్త దీర్ఘాయువు గలదే. పట్టీల అమరికను బట్టి అణువు కంపనాలు తెలుస్తాయి గాని, పుట్టుక, చావు ఏకకాలంలో సాగే నాళంలో చావు వేగాన్ని విడిగా కొలవడం కష్టం.

ఆ చిక్కును విప్పినది కేంబ్రిడ్జిలో రోనాల్డ్ నోరిష్, జార్జ్ పోర్టర్ 1949లో వెల్లడించిన ఫ్లాష్ ఫోటాలిసిస్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో రాడార్ పని చేసిన పోర్టర్‌కు విద్యుత్ స్పందనాలు పరిచితమే. 1947లో ఒక పాదరసపు దీపం తెచ్చుకోవడానికి ప్రెస్టన్‌లోని సీమెన్స్ కర్మాగారానికి వెళ్ళినప్పుడు అక్కడ తయారవుతున్న ఫ్లాష్ దీపాలు కంటబడడంతో ఆలోచనకు ఆకారం వచ్చింది. కెపాసిటర్ల వరుసలో నిలవచేసిన శక్తిని ఒక్కసారిగా దీపం గుండా వదిలితే పుట్టే మెరుపు పక్కనున్న క్వార్ట్జ్ గొట్టంలోని వాయువును చీల్చి, రాడికళ్ళను పెద్ద సంఖ్యలో ఒకే క్షణాన పుట్టిస్తుంది. నిర్ణీత వ్యవధి తరువాత వెలిగే రెండో, బలహీనమైన మెరుపు ఆ గొట్టం గుండా వర్ణపటలేఖినిలోకి పోయి అప్పటికి మిగిలిన రాడికళ్ళ శోషణను నమోదు చేస్తుంది. రెండు మెరుపుల ఎడాన్ని మార్చుకుంటూ ప్రయోగాన్ని మళ్ళీ మళ్ళీ జరిపితే శోషణ తగ్గే తీరు, దాని నుంచి చర్యా వేగ స్థిరాంకం తేలుతాయి. ఈ పరికరంలోని అసలు గొప్పతనం దీపం ప్రకాశంలో కంటే ఆ ఎడాన్ని శాసించడంలోనే ఉందనాలి. మొదట్లో మిల్లీసెకన్లుగా ఉన్న కొలత త్వరలోనే మైక్రోసెకన్లకు, లేజర్లు వచ్చాక నానోసెకన్లకూ అంతకు దిగువకూ చేరింది. 1967 నోబెల్ రసాయన బహుమతిలో సగం వీరిద్దరికీ, సగం మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌కూ దక్కింది.

క్లోరిన్, ఆక్సిజన్ మిశ్రమం మీద మెరుపు పడినప్పుడు పోర్టర్‌కు క్లోరిన్ మోనాక్సైడ్ రాడికల్ పట్టీలు కనిపించాయి. అప్పట్లో అది ప్రయోగశాల వింత మాత్రమే. క్లోరోఫ్లోరోకార్బన్ల నుంచి విడివడిన క్లోరిన్ ఓజోన్‌ను హరిస్తుందని రసాయన శాస్త్రజ్ఞులు మొలీనా, రోలాండ్ 1974లో చెప్పాక ఆ రాడికల్ వేగ స్థిరాంకాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 1980, 1990 దశకాల్లో హైదరాబాదు నుంచి ఎగిరిన పెద్ద బెలూన్లు ద్రవ నియాన్‌తో చల్లబరచిన పాత్రల్లో స్ట్రాటోస్ఫియర్ గాలిని బంధించి తెచ్చాయి. ఆ పాత్రల్లో క్లోరోఫ్లోరోకార్బన్లు చెక్కుచెదరకుండా కిందికి దిగాయి గాని, క్లోరిన్ మోనాక్సైడును అలా తేవడం కుదరదు. పాత్ర గోడను తాకితేనే నశించే ఆ రాడికల్ ఓజోన్ లెక్కల్లోకి చేరడానికి మెరుపు యంత్రాలిచ్చిన అంకెలు తోడ్పడ్డాయి.