సోరియాసిస్‌కు హెపారిన్ పనికొస్తుందా?

సోరియాసిస్ పొలుసును గీరి తీస్తే కింద సన్నని రక్తపు చుక్కలు తేలతాయి. డాక్టర్లు దీన్ని ఆస్పిట్జ్ గుర్తు అంటారు. నెల రోజులు పట్టాల్సిన చర్మకణాల ప్రయాణం అక్కడ నాలుగైదు రోజుల్లోనే అయిపోతుంది. ఆ కణాలకు ఆహారం అందించడానికి కేశనాళికలు ఉబ్బి, మెలికలు తిరిగి చర్మం పైకి పాకుతాయి. రక్తనాళాల ప్రమేయం ఇంతగా ఉన్న జబ్బు మీద రక్తపు మందును పరీక్షించాలనుకోవడం వింతేమీ కాదు.

‘రక్తం పలచబరిచే మందు’ అంటాం గానీ హెపారిన్ చేసేది ఆ పని కాదు, గడ్డకట్టడాన్ని ఆపడం. 1916లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్‌లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయం నుంచి తీసిన పదార్థంలో ఈ గుణం కనిపెట్టడంతో దీని కథ మొదలైంది. ఇప్పుడు ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తున్నారు. ఇది పొడవాటి చక్కెర గొలుసు. ఐదు చక్కెరలు ఒక ప్రత్యేక వరుసలో ఉన్న చోట యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, రక్తం గడ్డకట్టనిది ప్రధానంగా అందుకే. గొలుసుకు ఇంకో పని కూడా ఉంది. వాపు ఉన్నచోట తెల్లకణాలు రక్తనాళం గోడను పట్టుకోవడానికి సెలెక్టిన్లు అనే కొక్కేలు తోడ్పడతాయి. హెపారిన్ వాటికి అడ్డుపడుతుంది. సోరియాసిస్‌లో చర్మంలోకి చొరబడేది ఆ తెల్లకణాలే. గడ్డకట్టకుండా ఆపే గుణాన్ని చాలావరకు తీసేసి, వాపు తగ్గించే గుణాన్ని నిలిపిన హెపారిన్ రూపాలను రసాయనికంగా తయారు చేశారు కూడా. నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది ఇదే. చర్మం మీది మచ్చ కోసం మనిషిని రక్తస్రావం అంచున నిలబెట్టడం నాకు మనసొప్పదు.

ఈ జబ్బుకు అనుకోకుండా మందు దొరకడం కొత్త కాదు. 1951లో అమెరికా వైద్యుడు గబ్నర్ కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇస్తుంటే సోరియాసిస్ మచ్చలూ మాయమయ్యాయి. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన పరిశోధనల ఫలం ఆ మందు. ఆయన 1948లోనే కన్నుమూశారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు.

అయినా ఒకరికి తగ్గిందని నమ్మేయకూడదు. చాలామందిలో సోరియాసిస్ చలికి పెరిగి, ఎండకు తగ్గుతుంది. గుండెకు వాడే బీటా బ్లాకర్లు కొందరిలో దాన్ని ఎగదోస్తాయి. ఆస్పత్రిలో ఆ మాత్ర ఆపి హెపారిన్ మొదలుపెడితే, మచ్చలు తగ్గింది దేనివల్ల? అందుకే చీటీ వేసినట్టు రోగులను రెండు గుంపులు చేయాలి. ఎవరికి మందో, ఎవరికి ఉత్త సూదో రోగికీ డాక్టరుకీ తెలియకూడదు. ఎరుపు, మందం, పొలుసు, మచ్చలు పరుచుకున్న మేర చూసి 0 నుంచి 72 దాకా లెక్కగట్టే ‘పాసి’ స్కోరుతో కొలవాలి. హెపారిన్ కొందరిలో ప్లేట్‌లెట్లను ప్రమాదకరంగా పడగొడుతుంది. మెథోట్రెక్సేట్ కూడా రక్తకణాలను తగ్గించగలదు కనుక, అది వాడుతున్నవారిని చేర్చుకోవాలా వద్దా అన్నది మొదటి సూదికి ముందే తేల్చుకోవాలి.