టార్చి ఎంత కరెంటు తింటోంది? మీటర్ పెట్టి చూడండి

సహరీ వేళ కరెంటు పోతుంది. అల్మారాలోంచి ఎల్ఈడీ టార్చి తీస్తే అది వెలగదు. "మొన్నే ఛార్జింగ్ పెట్టాం కదా" అని ఇంట్లో ఒకర్నొకరు అనుకుంటారు. తప్పు బ్యాటరీదా, టార్చిదా అన్నది మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే మామూలు డిజిటల్ మీటర్ చాలు. అయితే బ్యాటరీ బయటికి తీయగలిగే టార్చిలకే ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు మీటర్ ఎర్ర ప్రోబ్‌ను 10 ఏ అని రాసిన రంధ్రంలోకి మార్చాలి. నాబ్‌ను కూడా 10 ఏ దగ్గరే పెట్టాలి. టార్చి వెనక మూత విప్పితే బ్యాటరీ మైనస్ కొస కనిపిస్తుంది. ఒక ప్రోబ్‌ను ఆ మైనస్‌కు, రెండోదాన్ని గొట్టం అంచుకు ఆనించాలి. అంచులో పూత లేని లోహానికే తగలాలి. నల్ల పూత మీద పెడితే కరెంటు పారదు, మీటర్ సున్నా చూపిస్తుంది. స్విచ్ మూతలో ఉండే టార్చి దానంతట అదే వెలుగుతుంది. స్విచ్ పక్కన ఉంటే నొక్కడానికి ఇంకో మనిషి కావాలి. మైనస్ గుర్తు వస్తే కంగారు పడొద్దు, ప్రోబ్‌లు అటూఇటూ అయ్యాయంతే.

మీటర్ 1.00 చూపిస్తే టార్చి ఒక ఆంపియర్ తీసుకుంటోందని అర్థం. 2000 ఎంఏహెచ్ బ్యాటరీతో అది దాదాపు రెండు గంటలు వెలగాలి. గంటకే మసకబారితే బ్యాటరీలో సగమే ఉన్నట్టు. ప్రోబ్ వైర్లు సన్నగా ఉంటే అసలు కంటే కాస్త తక్కువే చూపిస్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి. బజారులో 18650 సైజు బ్యాటరీ మీద 9900 ఎంఏహెచ్ అని అచ్చు వేసి అమ్ముతుంటారు. ఆ సైజులో మంచి కంపెనీల బ్యాటరీలే 3500 దగ్గర ఉంటాయి. 9900 అన్నది పచ్చి అబద్ధం.

ఆపేసి ఉంచినా టార్చి ఖాళీ అవుతుంటే? పక్కన స్విచ్ ఉండే కొన్ని టార్చిలు ఆపినా కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. దీన్ని మిల్లీ ఆంపియర్ల రేంజిలో చూడాలి. అప్పుడు మాత్రం లైటు వెలిగించకూడదు, మీటర్ ఫ్యూజు పోతుంది. ఒక్క మిల్లీ ఆంపియర్ అయినా 2000 ఎంఏహెచ్ బ్యాటరీని 83 రోజుల్లో పీల్చేస్తుంది. పోయిన రంజాన్‌కు వాడి లోపల పెట్టినది ఈ రంజాన్‌కు వెలగకపోవడంలో వింత లేదు. అలాంటివి దాచేటప్పుడు బ్యాటరీ తీసి విడిగా పెట్టాలి.

ఒక్క పని మాత్రం అస్సలు చేయొద్దు. 10 ఏ లో పెట్టిన మీటర్‌ను నేరుగా బ్యాటరీ ప్లస్, మైనస్‌లకు తగిలించకూడదు. అది షార్ట్ సర్క్యూటే. లిథియం బ్యాటరీ అయితే వైర్లు కాలతాయి, మంటలు కూడా రావచ్చు. చవక మీటర్లలో 10 ఏ రంధ్రానికి చాలాసార్లు ఫ్యూజు ఉండదు, కాబట్టి కొలత పది సెకన్లలో ముగించాలి. పని కాగానే ఎర్ర ప్రోబ్‌ను మళ్లీ వోల్టుల రంధ్రంలోకి మార్చాలి. మర్చిపోతే రేపు ఇంకెవరో అదే మీటర్‌ను గోడ ప్లగ్గులో పెడతారు.