మతమును గూర్చిన పాఠము: చిలమత్తూరు పరిసరముల సాక్ష్యము

మతమును బోధించుట వేఱు, మతమును గూర్చి బోధించుట వేఱు. ఈ భేదమును 1964-66 నాటి కొఠారీ విద్యాసంఘము స్పష్టముగా జూపినది. భారతరాజ్యాంగము 28వ అధికరణము పూర్తిగా ప్రభుత్వధనముతో నడచు విద్యాలయములందు మతబోధను నిషేధించుచున్నది. మతముల చరిత్రమును, అవి సంఘమునందును రాజ్యమునందును గలిగించిన మార్పులను దెలుపుటను నిషేధింపలేదు. 2002లో అరుణారాయ్ వ్యాజ్యమునందు సర్వోన్నత న్యాయస్థానము ఈ భేదమునే అంగీకరించినది. అయినను ఉపాధ్యాయులలో బెక్కుమంది యీ పాఠము వచ్చినపుడు త్వరగా దాటిపోవుదురు. తరగతిలో వివిధమతముల పిల్లలు ప్రక్కప్రక్కనే కూర్చుండియుందురు. ఏ మాట యెవరికి నొప్పి కలిగించునో యను భయము సహజమే. కాని పాఠశాల చెప్పక విడిచినదానిని పిల్లవాడు వీథిలోను, ఎన్నికల సభలోను వినును. అచట ఆధారము చూపుమని యడుగు నలవాటు లేదు.

చిలమత్తూరు పాఠశాలలకు ఈ విషయమున దూరదేశముల యుదాహరణములు అక్కఱలేదు. 2022 వఱకు అనంతపురము జిల్లాలోనిదై, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో జేరియున్న యీ మండలము కర్ణాటక సరిహద్దున నున్నది. లేపాక్షి పొరుగు మండలము. ఉత్తరమున పెనుగొండ. ఆ యొక్క పట్టణమునందే పార్శ్వనాథుని జైనాలయమును, బాబా ఫక్రుద్దీను దర్గాయును, విజయనగరరాజుల దుర్గమును గలవు.

మొదట జెప్పదగినది క్రీ.శ. 1368 నాటి బుక్కరాయల శాసనము. శకవర్షము 1290, కీలక సంవత్సరము. శిల యున్నది శ్రవణబెళగొళమున. కాని రాజునకు మొఱపెట్టుకొన్నవారిలో పెనుగొండ జైనులు కలరు. ఆనెగొంది, హొసపట్టణము, పెనుగొండ, కల్లేహ మొదలగు చోట్ల నున్న భవ్యజనులు, భక్తులు తమకు అన్యాయము చేయుచున్నారని విన్నవించుకొనిరి. ఇందు భక్తులనగా శ్రీవైష్ణవులు. తీర్పునుబట్టి చూడగా వివాదము తత్త్వార్థమును గూర్చినది గాక, పంచమహావాద్యములకును కలశమునకును జైనులు అర్హులా కారా యనుదానిని గూర్చినదని తోచుచున్నది. ఊరేగింపులో నెవరి వాద్యము మ్రోగవలెనను తగవు పల్లెటూరి పిల్లలకు తెలియనిది కాదు.

రాజు శ్రీరంగము, తిరుమల, కంచి, మేలుకోట మొదలగు స్థలముల యాచార్యులను, పదునెనిమిది నాడుల శ్రీవైష్ణవులను సమావేశపఱచి, జైనుల చేతిని వైష్ణవుల చేతిలో బెట్టి, యీ రెండు దర్శనములకును భేదము లేదని పలికెను. వాద్యములును కలశమును పూర్వమర్యాద ప్రకారము జైనదర్శనమునకు జెల్లునని నిర్ణయించెను. జైనులకు గలుగు హానివృద్ధులను వైష్ణవులు తమవిగా నెంచవలెననియు, ఈ శాసనమును రాజ్యములోని బసదులన్నిటను వారే నిలుపవలెననియు నాజ్ఞాపించెను.

సంగ్రహముగా జెప్పువారు ఇచ్చటనే యాగి, పరమతసహనమున కిది నిదర్శన మందురు. శాసనము ఇచ్చట నాగదు. రాజ్యములోని జైనులు ఇంటింటికి ఏటేట నొక్క హణము చెల్లింపవలెను. ఆ ధనమును వినియోగింపవలసినవాడు తిరుమల తాతయ్య, అనగా వైష్ణవుడే. దానితో బెళగొళదేవునికి ఇరువదిమంది యంగరక్షకులను నియమించి, మిగిలినదానితో శిథిలజినాలయములకు సున్నము గొట్టింపవలెను. రక్షణ లభించినది; దాని వెలను రక్షింపబడినవారే యిచ్చిరి. పండితులు గమనింపదగిన విశేషము మఱియొకటి కలదు. శాసనారంభమునందలి సంస్కృతశ్లోకము రామానుజుని పాషండసముద్రమునకు బడబాగ్నిగా స్తుతించుచున్నది. వైదికుల వ్యవహారమున పాషండశబ్దము జైనులకును వర్తించును. ఆ స్తుతిక్రిందనే భేదము లేదను తీర్పు చెక్కబడినది!

దీనిని పిల్లలచేత జదివించునపుడు రాజు ఉదారుడా కాడా యని యడుగుట వ్యర్థము. మొఱపెట్టినవా రెవరు, హామీ యిచ్చినవా రెవరు, ధనము చెల్లించినవా రెవరు, ఇందువలన రాజునకు గలిగిన ప్రయోజన మేమి యని యడుగవలెను. రాజ్యము నూతనము. వర్తకులలో జైనులు కలరు; వైష్ణవాచార్యుల పలుకుబడి గొప్పది; రాజునకు ఇరువురును గావలసినవారే. మతము రాజ్యమును గదలించుటయు, రాజ్యము మతస్థుల వ్యవహారమును దిద్దుటయు ఒక్క శిలమీదనే యగపడుచున్నవి. పదవ తరగతి విద్యార్థి ఈ ప్రశ్నలకు దానుగా నుత్తరము వ్రాయగలడు. ఉపాధ్యాయుడు తన యభిప్రాయమును ముందుగా జెప్పకుండుట మాత్రము ముఖ్యము.

లేపాక్షి పాఠము వేఱు విధమైనది. అచ్యుతదేవరాయలు (1529-1542) ఏలిన కాలమున నందిలక్కిసెట్టి కుమారుడగు పెనుగొండ విరూపణ్ణ వీరభద్రాలయమును విస్తరించి నిర్మింపజేసెను. దానశాసనములు భూములను, కైంకర్యములను జెప్పుచున్నవి. జనశ్రుతి మఱియొకటి చెప్పుచున్నది: రాజధనమును గుడికి వెచ్చించెనను నేరమునకు శిక్షగా కన్నులు దీయింప నున్నారని విని, విరూపణ్ణ తానే కన్నులు పెఱికి గోడకు విసరెనట. గోడపై నున్న యెఱ్ఱని మచ్చలను నేటికిని జూపుదురు. ఈ కథను అబద్ధమని త్రోసివేయుట గాని, జరిగినదని చెప్పుట గాని తగదు. ఆ సంఘటనకు కథ సాక్ష్యము కాదు. గుడిధనమునకును రాజధనమునకును నడుమనున్న హద్దునుగూర్చి ప్రజలకు గల సందేహమునకు సాక్ష్యము. ఈ రెండును వేఱుపఱుప నేర్చిన విద్యార్థికి చరిత్రమునం దర్ధభాగము వచ్చినట్లే.

ఆ గుడి మండపపు కప్పుపై చిత్రములందు విరూపణ్ణయు, తమ్ముడు వీరణ్ణయు, పరివారమును ఎత్తైన టోపీలు ధరించి విభూతి గొనుచున్నారు. ఆ టోపీయే కుల్లాయి. పారసీకమునందలి కులాహ్ శబ్దమునుండి వచ్చినది. శ్రీనాథుని పేర వినబడు చాటువునందును కర్ణాటరాజసభకు బోవ కుల్లాయి పెట్టుకొనవలసివచ్చిన ముచ్చట యున్నది. విజయనగరరాజులు హిందురాయ సురత్రాణ బిరుదమును వహించిరి. సురత్రాణు డనగా సుల్తాను. ఈ వేషమును, ఈ బిరుదమును గలిపి ఫిలిప్ వాగనర్ 1996లో వ్రాసిన వ్యాసము ఉపాధ్యాయులు చదువదగినది. అనంతపురము జిల్లా నార్పల మండలములోని గూగూడున మొహర్రమునాళ్లలో హిందువులును ముసల్మానులును గొలుచు పీరు పేరు కుల్లాయిస్వామి. పేరులోనే టోపీ యున్నది. అఫ్సర్ మహమ్మద్ 2013లో బ్రకటించిన గ్రంథము ఈ పీర్ల పండుగనుగూర్చినదే.

ఇవి చదివిన పిమ్మటనే 1565 నాటి యుద్ధము చెప్పుట మేలు. దానిని రెండు మతముల పోరుగా మాత్రమే చెప్పు నుపాధ్యాయుని, అళియ రామరాయలు అంతకు బూర్వము బిజాపురపు సుల్తానుతో గలసి అహమ్మదునగరముపై నేల దండెత్తెనని విద్యార్థియే యడుగవలెను.

బుక్కరాయల శాసనము ఎపిగ్రాఫియా కర్ణాటికా రెండవ సంపుటమున గలదు. 1889లో రైసు దొర మొదట బ్రకటింపగా, 1923లో నరసింహాచార్యులు సవరించి మరల వెలువరించిరి. భాష కన్నడము. సరిహద్దు పల్లెలలో కన్నడము వినుచు బెరిగిన చిలమత్తూరు పిల్లలకు లిపి కొన్ని దినములలో బట్టువడును. ఉపాధ్యాయుడు రోజునకు రెండు పంక్తుల చొప్పున నల్లబల్లపై వ్రాసి చదివించినచో, హణము మాటయున్న పంక్తి యెక్కడ నున్నదో వారే చూపుదురు.