ఇటలీలో ఆఖరి బేరం

ఏ దేశం వెళ్ళినా మొదటి రోజు చూడడానికి, ఆఖరి రోజు కొనడానికి. మా ఇంట్లో ఇది శాసనం. పది రోజులు ఇటలీ తిరిగి, గోపురాలూ బొమ్మలూ తలెత్తి చూసి చూసి మెడలు నొప్పి పుట్టాక, పదకొండో రోజు పొద్దున్నే మా ఆవిడ చేతిసంచీలోంచి కాగితం తీసింది.

అప్పటికి మేము వెనీసు పక్కనే ఉన్న మేస్త్రేలో దిగి ఉన్నాం. వెనీసులో కంటే అక్కడ బస చవక. ఆ రాత్రి రోములో విమానం ఎక్కాలి. దారిలో ఫ్లోరెన్సు చూడాలి. అంటే ఒక్క రోజులో మూడు ఊళ్ళు, పదకొండు మంది చుట్టాలు, చేతిలో 160 యూరోలు!

"పెద్దొదినగారికి తోలుసంచీ, మా తమ్ముడికి బెల్టు, పక్కింటి పిన్నిగారికి ఏదైనా చిన్నది..." అని చదువుతూ మా ఆవిడ ఆగిపోయింది. "ఏమండీ, అత్తయ్యగారి పేరు పక్కన ఏమీ రాయలేదు."

నాకు కలుక్కుమంది. అసలీ ప్రయాణం మా అమ్మ కోరిక. కాకినాడలో 31 ఏళ్ళు తెలుగు పాఠం చెప్పిన మనిషి. మన భాషను తూర్పుదేశపు ఇటాలియన్ అంటారనీ, రెండింటిలోనూ మాటలు అచ్చులతోనే ముగుస్తాయనీ, నికోలో కోంతి అనే వెనీసు వర్తకుడు 15వ శతాబ్దంలోనే విజయనగరం చూసి వెళ్ళాడనీ ఏటేటా కొత్త పిల్లలకు చెప్పేది. ఆవిడకు పాస్‌పోర్టు కూడా తీయించాం. తీరా బయలుదేరే ముందు మోకాళ్ళు మొరాయించాయి. "నా డబ్బు పెట్టి పిల్లల్ని తీసుకెళ్ళరా. నాకు వస్తువులేమీ వద్దు. వాళ్ళ మాట ఎలా ఉంటుందో విని వచ్చి చెప్పు, చాలు" అంది.

పది రోజులూ నేను విన్నదేమిటి? హోటలువాళ్ళ ఇంగ్లీషు!

మేస్త్రే నుంచి వెనీసుకు రైల్లో పది నిమిషాలు. ఆ చిన్న రైళ్ళలో కాగితం టిక్కెట్టు కొన్నవాళ్ళు, ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో దానికి ముద్ర కొట్టించుకోవాలి. ముద్ర లేకపోతే జరిమానా. ఆ పెత్తనం మా చిన్నది తీసుకుంది. 1846లో కట్టిన వంతెన మీద, రెండు వైపులా నీళ్ళ మధ్య నుంచి రైలు వెళ్ళింది. స్టేషను గుమ్మం దాటితే ఎదురుగా రోడ్డు ఉండదు, పెద్ద కాలువ ఉంటుంది. సామాను క్లోక్‌రూములో పడేసి రియాల్తో వంతెనకు నడిచాం. 1591లో పూర్తయిన ఆ వంతెన మీదే వరసగా కొట్లు.

వెనీసు అంటే గాజు. కొలుముల వల్ల ఊరికి నిప్పంటుకుంటుందనే భయంతో 1291లో గాజుపనివాళ్ళందరినీ మురానో అనే దీవికి పంపించేశారట. నేటికీ ఆ పనికి అదే పుట్టిల్లు. కాని కొట్లలో ఉన్నదంతా మురానో సరుకు కాదు. దీవిలో చేసినదానికి వేరే ముద్ర ఉంటుంది, అది చూసి కొనాలి. చూసే కొన్నాం, అమ్మకోసం బొటనవేలంత హంసను. ఖరీదు 28 యూరోలు. కొట్టులోని ముసలావిడ దాన్ని కాగితంలో చుట్టి నా చేతిలో పెడుతూ "పియానో, పియానో" అంది. వాయిద్యం కాదు, వాళ్ళ భాషలో నెమ్మది అని!

ఫ్లోరెన్సు రైలు రెండు గంటల పైచిలుకు. బొలోన్యా దాటాక కిటికీలో అంతా చీకటి. 2009లో తెరిచిన ఈ మార్గంలో 78 కిలోమీటర్లకు 73 దాకా సొరంగాలే. "నాన్నా, మనం రైల్లో వెళుతున్నామా, కలుగులో వెళుతున్నామా?" అంది చిన్నది.

ఫ్లోరెన్సులో మాకున్నది నాలుగు గంటలు. స్టేషను నుంచి పావుగంట నడిస్తే తోలుసామాను అమ్మే పాత బజారు. అక్కడ ఒక కంచు అడవిపంది ఉంది. 17వ శతాబ్దంలో పియెత్రో తాక్కా పోతపోసిన బొమ్మకు నకలు. ముట్టె నిమిరితే మళ్ళీ ఈ ఊరు వస్తారని నమ్మకం. లక్షల చేతులు రాసి ముట్టె బంగారంలా మెరుస్తోంది. మా ఆవిడ ఎందుకైనా మంచిదని రెండుసార్లు నిమిరి, బేరానికి దిగింది. "స్కోంతో" అంటే తగ్గింపు. ఆవిడ నేర్చుకున్న ఇటాలియన్ అదొక్కటే, అదే చాలింది. సంచీ, బెల్టు, నాలుగు పర్సులు వచ్చాయి. పక్కనే పోంతె వెక్కియో వంతెన మీద అన్నీ బంగారం కొట్లు. 1593లో మాంసం కొట్లు తీయించి కంసాలులను పెట్టించారట. ఆవిడ ఒక గొలుసు చూసి, 18 కేరట్లని తెలిసి, "మనకిది పనికిరాదండీ" అని వెనక్కి తిరిగింది. నేను వేయి దేవుళ్ళకు మొక్కాను.

పరుగున స్టేషనుకొచ్చి, ఆయాసంతో సంచీని నేలమీద ధబీమని దించాను. లోపల టిక్కుమంది. విప్పి చూస్తే హంస మెడ ఒక చోట, ఒళ్ళు ఒక చోట. పియానో, పియానో అని ముసలావిడ చెప్పనే చెప్పింది. తప్పు నాదే. ఎవరూ నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. వెనక్కి వెళ్ళి కొనడానికి వెనీసు లేదు, డబ్బూ లేదు.

అంతలో పైన లౌడుస్పీకరు మోగింది. మా పన్నెండేళ్ళ వాడు చటుక్కున ఫోను పైకెత్తాడు. "వాళ్ళ మాటే కదా నాన్నా నాయనమ్మ అడిగింది" అన్నాడు.

అక్కడి నుంచి రోముకు గంటన్నర ప్రయాణంలోనూ, ఆ పైన తెర్మిని స్టేషనులోనూ, విమానాశ్రయానికి పోయే రైల్లోనూ వాడు ఫోను దించలేదు. ఎదుటి సీట్లో అమ్మమ్మ మనవడికి కథ చెబుతూంటే, సైగతో అనుమతి అడిగి మరీ అదీ పట్టాడు.

కాకినాడలో అమ్మ కళ్ళజోడు తీసేసి, ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుంది. "అత్తెన్సియోనె... త్రెనో... రోమా తెర్మిని... బినారియో..." మొత్తం విని, మళ్ళీ పెట్టమంది. నాలుగోసారికి పెదవులు కదుపుతూ తనూ అనుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఒరేయ్, త్రెనో ముందు 'ఇల్' అంటున్నాడు. ఇంకోచోట 'ఇన్' అన్నాడు. ఇవి పొల్లుహల్లులు కావట్రా? 31 ఏళ్ళు పిల్లలకు కొంచెం ఎక్కువ చేసి చెప్పానన్నమాట!"

అని, "ఆ అమ్మమ్మ చెప్పిన కథ పెట్టు" అంది.